ఉమ్మడి గోడ

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు నన్ను అనంతపురం జిల్లాలోని ఒక చిన్న మున్సిపాలిటీకి టౌన్ ప్లానింగ్ అధికారిగా వేశారు. ఆ ఊరి పేరు చెప్పను. పాతపేటలో ఇళ్లన్నీ మట్టి మిద్దెలు. దూలాల మీద కట్టెలు పరిచి, పైన చౌడు మట్టి పోసినవి. ఆ జోన్‌లో రెండంతస్తులకే అనుమతి. అయితే వీధి వెడల్పు చేయడానికి ఇంటి ముందు జాగా కొంత వదిలి, పాత ఇల్లు తీసి కొత్తది కట్టుకునేవారికి మూడో అంతస్తు ప్రోత్సాహకంగా ఇచ్చేవాళ్లం.

ఏడాదైనా ఒక్క దరఖాస్తూ రాలేదు. ప్రతి సమీక్షలో కమిషనర్ అదే అడిగేవారు, నేను తల వంచుకునేవాణ్ణి. చివరికి టిఫిన్ హోటల్ నాగప్ప వచ్చాడు. దేవుడే పంపాడనుకున్నాను.

తనిఖీకి వెళ్లి అతని ఇల్లు టేపు పెట్టి కొలిచాను, ఇచ్చిన కాఫీ తాగి వచ్చేశాను. ప్లానులో పక్కింటి వైపు హద్దు ఒక్క గీత, ఆ గోడ ఎవరిదో అందులో లేదు.

మరుసటి వారం ఆ పక్కింటి ఓబుళమ్మ ఆఫీసుకు వచ్చింది. బొరుగులు అమ్ముకునే ఒంటరి మనిషి.

"ఆ గోడ ఆయప్ప ఒక్కనిదే కాదు సారూ. మా మామా, వాళ్ల నాయనా కలిసి కట్టినారు. నా దూలాలు దాని మీదనే ఉండాయి."

కాగితం ఉందా అని అడిగాను.

"గోడకు కాగితం యాడుంటాది సారూ? రెండు వీధులే కదా, వచ్చి చూడు."

పాతపేటలో రెండిళ్లకూ ఒకే గోడ ఉంటుందని నాకు తెలియక కాదు. పక్కింటివారి అంగీకారం అడిగే గడి దరఖాస్తులో లేదు. నేనుగా అడిగితే ఫైలు ఆగిపోతుంది. సంతకం పెట్టాను.

నాగప్ప గోడ తీయించిన రోజు ఓబుళమ్మ సంతకు పోయింది కాబట్టి ప్రాణం దక్కింది. కప్పు సగం కూలింది. నేను వెళ్లేసరికి ఆమె మట్టిలోంచి గిన్నెలు ఏరుకుంటోంది.

"ఇప్పుడొచ్చినావా సారూ" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

ఆమె ఆ జాగా నాగప్పకే అమ్మి, కుందుర్పిలో చెల్లెలి దగ్గరికి పోయింది. రెండు జాగాలూ కలిపి కట్టుకుంటానని అతను మళ్లీ దరఖాస్తు పెట్టాడు. నిబంధనల ప్రకారం అర్హుడే. ఆ ఫైలు మీదా సంతకం నాదే. సమీక్షలో కమిషనర్ మెచ్చుకున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తనిఖీకి వెళితే ముందు పక్కింటి తలుపు తట్టేవాణ్ణి, దూలాలు ఏ గోడ మీద ఉన్నాయో చూసేవాణ్ణి. కొత్తగా చేరినవాళ్లకూ అదే నేర్పాను. ఓబుళమ్మ ఇంట్లో మాత్రం నేను అడుగుపెట్టింది కప్పు కూలాకే.