ఓటు పడని గెలుపు

ఆ రోజుల్లో డిగ్రీ పాసైన ఆడపిల్లకు తెలియనిది లేదని నాకు గట్టి నమ్మకం. తెలంగాణ వచ్చి కొన్నేళ్లయింది. చిట్యాల దగ్గరి మా మగ్గాల వాడకట్టులో వార్డు మెంబరు సీటు ఆడవాళ్లకు వచ్చింది. నేను నామినేషన్ వేశాను. ఎదురింటి వదిన కూడా వేసింది. నేను ఉపన్యాసం బట్టీపట్టి (విన్నది మా మేక ఒక్కటే, అదీ సగంలో లేచిపోయింది) ప్రచారానికి సిద్ధమవుతుండగా పెద్దమనుషులు కూర్చున్నారు. "సదువుకున్న పిల్ల. ఏకగ్రీవం చేద్దాం, వాడకట్టు ఇజ్జత్ నిలవడ్తది" అని మా పెద్దబాపు తేల్చేశాడు. వదినను ఎవరూ అడగలేదు. ఆమె మగ్గం మీద ఉంటే ఆమె భర్తను అడిగారు, ఆయన తలూపాడు. మర్నాడు వదిన వెళ్లి నామినేషన్ వెనక్కి తీసుకుంది. అందరిదీ ఒకే మాట అంటే ఎంత గొప్పో అనుకుంటూ నేను మెడ వంచి దండలు వేయించుకున్నాను.

పోలింగు నాడు సర్పంచు ఓటు మాత్రం మిగిలింది. మా అవ్వను బడికి తీసుకెళ్లాను. పోలింగు సారు సర్పంచు కాగితం ఒక్కటే చేతికిచ్చేసరికి అవ్వ కదలలేదు.

"నా మనుమరాలి కాయిదమేది సారూ?"

"మీ వార్డు ఏకగ్రీవమైంది అవ్వా. ఆమె గెలిచేసింది."

"నేను ఓటెయ్యకముందే ఎట్ల గెలుస్తది? ఎవలు గెలిపిచ్చిండ్రు?"

"పోటీ ఎవరూ లేరు గదా!"

"లేకుంటేంది? నాకిష్టమో కాదో జర అడగరా?"

వరుసంతా నవ్వింది. వెనక నిలబడ్డ వదిన ఒక్కతే నవ్వలేదు. నాకు చెడ్డ సిగ్గేసింది. మోరీలు తీయించినా, వీధి లైట్లు వేయించినా, అసలు వీళ్లకు నేను కావాలా అన్న ప్రశ్న ఆ తర్వాత నన్ను వదల్లేదు. పైకి చెప్పుకునే బాధా కాదు, గెలిచినదాన్ని కదా!

మొన్న మళ్లీ ఎన్నికలొచ్చాయి. పెద్దబాపు మళ్లీ ఏకగ్రీవమన్నాడు. "వద్దు పెద్దబాపూ, ఈసారి ఓట్లు పడనియ్యి" అన్నాను. వదినా నేనూ నిలబడ్డాం. వదిన గెలిచింది. నాకూ ఓట్లు పడ్డాయి, తక్కువే అయినా నన్ను కోరి వేసినవి. వాటిని తలచుకుంటే ఇప్పటికీ మురిపెమే. ఆ సాయంత్రం అవ్వ పక్కన చేరి మెల్లగా అడిగాను, "నువ్వన్నా నాకేసినవా?"

అవ్వ నా తల నిమిరింది.

"గది ఎవలికి చెప్పొద్దంట గద బిడ్డా!"