శాలువ ఒక చివర

అక్క గేటు దగ్గర కూర్చోవడం మానేసి అప్పటికి చాలా రోజులైంది. బీడీలు చుట్టిన కూలితో కట్టుకున్న ఇల్లు ఆమెది. బావ పోయాక అందులో ఒక్కతే ఉంటుంది. ఇంటి పన్ను కట్టలేదని గేటుకు ఎర్ర అక్షరాల నోటీసు అంటించారు. ఆనాటి నుంచి సాయంత్రాలు కూడా వెనక గదిలోనే.

"నా ఇంట్ల నేనుంటే ఏటేటా ఈ కిరాయేంది తమ్మీ? అమ్మేసి మిరుదొడ్డిల బిడ్డ తాన పడుంట," అంది.

నేను కడతానంటే ఒప్పుకోలేదు. "నీ పైసలతోని నా ఇల్లు నిలవెడ్తవా?" అని తిట్టింది.

ఆ రోజు నుంచి నాకు కాలు నిలవలేదు. మనిషి తానుండే ఇంటికి పన్ను ఉండకూడదు. తగ్గించడం కాదు, ఎత్తేయాలి. మున్సిపల్ ఆఫీసులో అడిగితే, చట్టం మార్చేది అసెంబ్లీ అని తల ఎత్తకుండానే చెప్పారు. ఆ ఎత్తని తల నాకింకా గుర్తుంది. అసెంబ్లీ అయితే ఏ ఊరి ఎమ్మెల్యే అయినా నాకు ఒకటే. పెళ్లికి వచ్చినా, పరామర్శకు వచ్చినా వెళ్లి దారి కాసేవాణ్ణి.

మా కాలనీ సంఘం పెద్దమనుషులు తామూ వస్తామన్నారు. అందరం ఒకే మాట అడగాలని ఒప్పందం. ఒక ఎమ్మెల్యే పక్క జిల్లా నుంచి ఫంక్షన్ హాలుకు వచ్చాడని తెలిసి పోయాం. తీరా అక్కడికి పోయాక మా అధ్యక్షుడు సంచిలోంచి శాలువ తీశాడు.

"పని కాకముందే సన్మానమేంది?" అన్నాను.

"ఉత్త చేతులతోని పోతమా కాకా? నువ్వు జర ఊకో," అని శాలువ ఒక చివర నా చేతిలో పెట్టాడు.

ఫోటో దిగాం. నేను నోరు తెరిచేలోపే ఒకాయన వీధి లైట్లు అడిగాడు, ఇంకొకాయన అల్లుడి బదిలీ అడిగాడు, అధ్యక్షుడు పార్కులో ఓపెన్ జిమ్ అడిగాడు. చివరికి పన్ను మాట నేనే ఎత్తాను. ఎమ్మెల్యే నవ్వాడు.

"పన్నులు లేకుంటే మోరీల మురికి ఎవలు తీస్తరు పెద్దాయనా?"

"మోరీ తీసినందుకు తీస్కోండ్రి. ఇంట్ల పండుకున్నందుకు ఎందుకు?"

"చూద్దాం తియ్," అని కారెక్కాడు.

మర్నాడు ఆ ఫోటో పేపర్లో వచ్చింది. 'ఇంటి పన్ను రద్దుపై ఎమ్మెల్యేకు సన్మానం' అని రాశారు. రాసినవాణ్ణి ఏమనాలి? పని అడగడానికి పోయినా, పని అయ్యాక పోయినా మా దగ్గర కప్పేది అదే శాలువ.

సాయంత్రం వెళ్లేసరికి అక్క గేటు దగ్గర పీట వేసుకుని కూర్చుంది. నోటీసును చాకుతో గీకేసింది.

"గంత పెద్ద పని జేసి చెప్పకపోతివి తమ్మీ. ఎదురింటామె చదివి చెప్పింది."

చాయ్ తెస్తానని లేచింది. ఏమీ చెప్పకుండా జారుకుందామని గల్లీ చివరిదాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చాను.

"అది అడగనీకి పోయినప్పటి ఫోటో అక్కా. పన్ను పోలే."

అక్క చాయ్ గ్లాసు పీట మీద పెట్టి, గేటు మీద మిగిలిన ఎర్ర మరకను గోటితో గీకింది.

"మరి శాలువ ఎందుకు కప్పినవ్?"

"ఇల్లు మాత్రం అమ్మెయ్యకు," అన్నాను.

"నువ్వు సక్కగ అడిగొచ్చేదాంక అమ్మను తియ్." పీట మాత్రం లోపలికి తీసుకుపోలేదు.

ఆ అధ్యక్షుడు ఇప్పటికీ మా ఊరి కోమటి చెరువు కట్ట మీద ఎదురైతే నమస్తే పెడతాడు. నేను ముఖం తిప్పుకుంటాను.

ఇది హైదరాబాద్‌లో, ఇంకో ఎమ్మెల్యే ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. లేస్తే కుర్చీ పోతుందని చాయ్‌కి కూడా లేవలేదు. ఆయన పీఏ ఇందాక బయటికి వచ్చి నా చేతుల వైపు చూశాడు.

"ఏం తేలేదా పెద్దాయనా, శాలువ గిట్ల?"

"పని అయినంక తెస్త."

అతను లోపలికి పోయాడు. నేను కుర్చీని తలుపు దగ్గరికి జరుపుకున్నాను.