మావయ్య అంటించిన చీటీలు

నూనెల దుకాణంలో తల నెరిసేదాకా పనిచేసిన మావయ్యను శనివారం సాయంత్రం పనిలోంచి తీసేశారు. అభియోగం ఒక్కటే: ఒంటికి రాసుకునే సుగంధ తైలాల సీసాల మీద యజమాని అనుమతి లేకుండా హెచ్చరిక చీటీలు అంటించాడు. అభియోగం అక్షరాలా నిజం. చీటీ అంటించకుండా మావయ్య దేన్నీ వదలడు.

ఇంట్లో పిల్లి మెడపట్టీకి "రక్కును" అని ఉంటుంది. కాలు ఊగే కుర్చీకి "బరువైన బంధువులకు కాదు" అని ఉంటుంది. ఒకసారి సొంత అక్క కునుకు తీస్తుంటే ఆవిడ భుజానికే అంటించాడు: "కదిలించరాదు. పిల్లలకు దూరంగా ఉంచవలెను." ఆవిడ లేచి, చదివి, చీపురు అందుకుంది. పరుగెడుతూనే ఆ చీపురుకీ ఒకటి అంటించాడని ఆవిడ కూతురు ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది.

దుకాణంలో మాత్రం అది నవ్వులాట కాదు. సీసాల మీద కంపెనీ అచ్చువేసింది రెండే మాటలు: "స్వచ్ఛం, సహజం." వాటి కింద మావయ్య గుండ్రటి అక్షరాలు: "నిమ్మ తైలం. రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోవును." "దాల్చినచెక్క తైలం. నేరుగా రాస్తే బొబ్బలు." "పుదీనా తైలం. పసిపిల్లల ముక్కు దగ్గర వద్దు."

ఆ వయసులో మరొకరు పనివ్వరు. అందుకే సోమవారం మేనకోడలు అతన్ని వెంటబెట్టుకుని యజమాని గదికి వెళ్లింది.

"నీ రాతలు చదివి జనం సీసా కింద పెట్టేసి పోతున్నారు. నువ్వు అమ్మేవాడివా, భయపెట్టేవాడివా?" అన్నాడు యజమాని. "ఆ చీటీలన్నీ పీకెయ్. రేపట్నుంచి పనిలోకి రా."

"ఊఁ అను మావయ్యా," అంటూ మేనకోడలు అతని చేతిని మోచేత్తో పొడిచింది.

"అబ్బా!" మావయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఆమె అతని చొక్కా చెయ్యి పైకి మడిచింది. మణికట్టు నుంచి మోచేతి దాకా మచ్చలు. కొన్ని ఎర్రగా, కొన్ని నల్లబడి, ఒకటి ఇంకా పొక్కి ఉంది. ప్రతి మచ్చ పక్కనా ఓ బుల్లి చీటీ: "దాల్చినచెక్క, కొత్త సరుకు." "నిమ్మ, ఎండలో."

"ఇదేంటి మావయ్యా!"

"ఏది ఎంత కలపాలో కంపెనీవాళ్లు చెప్పరు కదమ్మా. కొన్నవాళ్ల ఒంటిమీద బొబ్బలు తేలేలోపు ఎవరో ఒకరు చూడాలిగా."

"దానికి నీ చెయ్యే దొరికిందా?"

"మీ అమ్మనీ అడిగా. చీపురు తీసింది."

"నిన్నెవరు చెయ్యమన్నారయ్యా ఇదంతా?" అన్నాడు యజమాని.

"ఎవరూ అనలేదండీ. అదే కదా నా బాధ."

మేనకోడలు అతని చొక్కా చెయ్యి మెల్లగా కిందికి దించింది. "పద మావయ్యా. ఒక్కటీ పీకొద్దు."

వెళ్తూ వెళ్తూ మావయ్య యజమాని తలుపుకు ఒకటి అంటించాడు: "లోపల వినపడదు. గట్టిగా మాట్లాడవలెను."

కనుక గట్టిగానే మాట్లాడవలసి వస్తోంది. తైలం తయారుచేసే అయ్యలారా, అమ్మే అయ్యలారా, సీసా వంక చూడకుండానే ముద్ర వేసే అధికారులారా! సీసాలో ఏముందో, ఎంత నూనెకు ఎన్ని చుక్కలు కలపాలో, ఎవరికి పడదో ఆ సీసా మీదే, కంటికి ఆనే అక్షరాల్లో అచ్చువేయండి. మావయ్యను తిరిగి పనిలోకి పిలవండి. అంతవరకు ప్రతి కొత్త సరుకునూ మీ చేతుల మీదే రాసి చూసుకోండి. మావయ్య చేతి మీద ఇక ఖాళీ లేదు.