చేప మూతి ఎటు

సైకిలు చైను రెండు కొనలనూ కలిపే లింకు మీద పెట్టే క్లిప్పు వేలిగోరంత ఉంటుంది. కాపురానికి వచ్చిన మొదటి ఏడాది అది నన్ను ఏడిపించినంతగా మా అత్త కూడా ఏడిపించలేదు.

నాకు సంతకం చేయడం వచ్చు, అంతే. అదీ వంకరే. కానీ సైకిలు చైను కలపమంటే ఈ వయసులోనూ కళ్ళు మూసుకుని కలుపుతాను.

మాది కృష్ణ ఒడ్డు. తుంగభద్ర కాలవ కింద వరి పండుతుందని విని మా నాన్న మమ్మల్ని వెంటబెట్టుకుని బళ్ళారి వైపు వచ్చాడు. కాలవ పక్కన వలస రైతుల క్యాంపులో ఇల్లు వేసుకున్నాం. నన్ను ఇచ్చింది మాత్రం సంగనకల్లు అవతల ఒక మెట్ట ఊళ్ళో, తాతల నాటి నుంచి జొన్న, పత్తి పండించుకుంటున్న ఇంట్లో. అమ్మకు ఈ కొత్తచోట నేను తప్ప మనసు విప్పి మాట్లాడే మనిషి లేదు. నెలకొక ఆదివారం మా ఆయన నన్ను సైకిలు క్యారియరు మీద కూర్చోబెట్టుకుని అమ్మ దగ్గరకు తీసుకుపోయేవాడు. ఆ ఆదివారం అమ్మ పొద్దున్నే వచ్చి కాలవ వంతెన మీద కూర్చునేది, మేం కనబడేదాకా.

ఆ సైకిలుకు చైను కవరు ఎప్పుడో ఊడిపోయింది. ఆయన ఒక్కడే బళ్ళారి పోయి వస్తే ఏమీ అయ్యేది కాదు. నేను ఎక్కిన రోజే చైను ఊడేది. వరసగా రెండు నెలలు అలాగే జరిగింది. రెండుసార్లూ సగం దారిలో లింకు ఊడి, ఆయన కొత్తది వేసి, మళ్ళీ ఊడి, చివరికి సైకిలు తోసుకుంటూ ఇంటికి తిరిగి వచ్చాం. అమ్మ ఎంతసేపు కూర్చుందో ఏమో ఆ వంతెన మీద.

మూడో నెల బయలుదేరుతుంటే మా అత్త వాకిట్లో చేట పట్టుకుని నిలబడింది.

"ఒరే, నువ్వొక్కడివే పోతే తెగని చైను ఈ యమ్మి ఎక్కితేనే యాల తెగుతాది? ఈపొద్దు గన తెగిందంటే అంతటితో సాలు. ఇంగ సైకిలు మాటెత్తాకండి. వాళ్ళ నాయన పండక్కి బండి కట్టుకోని వస్తాడు, అప్పుడు పోతాది."

అంటే ఏడాదికి ఒక్కసారి.

ఊరి మొగదల టీ హోటలు ఉండేది. దాని అరుగు మీద పెద్దవాళ్ళు పొద్దంతా కూర్చుని ఉండేవారు. కొత్త పెండ్లాన్ని వెనక ఎక్కించుకుని వాళ్ళ ముందు నుంచి పోవాలంటే మా ఆయనకు సిగ్గు. అందుకని నేనున్న రోజు రోడ్డు వదిలేసి, ఇంటి వెనక నుంచి కోత అయిపోయిన జొన్న చేలలో పడి పోయేవాళ్ళం. కొయ్యకాళ్ళు నా పాదాలకు గీసుకునేవి.

ఆ రోజు కూడా చేను సగం దాటామో లేదో, టప్పుమని చైను జారి కింద పడింది.

ఆయన చొక్కా జేబులో నుంచి కాగితం పొట్లం తీశాడు. బళ్ళారి సత్యనారాయణపేటలో సాయిబు కొట్టులో తెచ్చిన లింకు, అదొక్కటే మిగిలింది. నల్లరేగట్లో గొంతుక్కూర్చుని చైను రెండు కొనలనూ వెనక చక్రం పళ్ళ మీద కలిపాడు. రెండు మేకులున్న రేకును లోపలి నుంచి తోశాడు, పైరేకు తగిలించాడు. ఇక క్లిప్పు పెట్టబోతున్నాడు. అంతవరకు నేను ఎప్పుడూ దగ్గరికి పోయి చూసింది లేదు. ఆ రోజు నా ప్రాణమంతా దాని మీదే ఉంది కనుక వంగి చూశాను.

"ఏమండీ, తోక ముందుకు పెడుతున్నారేంటి?"

"తోకేంది మే?"

"అది చేపలాగే ఉంది కదా. చీలింది తోక."

"తోక గాదు, నోరు. చూడు, ఎట్ల తెరుసుకోని ఉండాదో. సాయిబు సెప్పినాడు, చేప మూతి ముందుకు పెట్టల్లని."

"మీరెప్పుడైనా చేపను చూశారా?"

"యాడ జూస్తి? మా ఊర్లో తాగేకి నీళ్ళుంటే సాలు. బళ్ళారిలో గోడ మింద బొమ్మ జూసినా."

నాకు నవ్వు ఆగలేదు. ఆయన మొహం ముడుచుకున్నాడు. "సుమ్నే నోరు మూసుకోని ఉండు మే, తెగినాక నవ్వుదువు." నేను జొన్నపుల్ల తీసుకుని మట్టిలో బొచ్చె చేపను గీశాను. గుండ్రటి తల, కన్ను, వెనక చీలిన తోక. మా అమ్మ చేపను బూడిదతో తోమి ఇస్తే మొదట నేను కోసేది ఆ తోకనే అని చెప్పాను. చైనులో ఇరుక్కున్న కొయ్యకాలి ముక్కను పీకి చూపించాను.

"తెరిచిన వైపు ముందుంటే ఈ కొయ్యలు దూరి ఊడబీకుతున్నాయి. గుండ్రటి వైపు ముందుంటే జారిపోతాయి."

ఆయన బొమ్మ వైపు, క్లిప్పు వైపు, నా వైపు చూశాడు. క్లిప్పు నా అరచేతిలో పెట్టాడు.

"అయితే నువ్వే ఎయ్యి. తెగిందంటే నా మింద ఎయ్యాకు."

తలను పెడలు వైపు, తోకను వెనక చక్రం వైపు తిప్పి, మేకుల గాడిలో ఆనించి, స్క్రూడ్రైవరు మొనతో నెట్టాను. టక్కుమంది.

మిగతా చేనంతా క్యారియరు పట్టుకుని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. కొయ్యకాళ్ళు చైనుకు తగులుతున్నాయి, టిక్కు టిక్కుమని జారిపోతున్నాయి. వంతెన మీద అమ్మ లేచి నిలబడడం దూరం నుంచే కనిపించింది. నేను సైకిలు ఆగకముందే దూకేశాను.

సాయంత్రం తిరిగి వస్తే అత్త అదే చేటతో ఎదురొచ్చింది.

"తెగిందా?"

ఆయన లేదని ఊరుకుంటే సరిపోయేది. కానీ ఊరుకోలేదు.

"లేదుమ్మా. ఇన్ని దినాలూ నేనే తిరగేసి పెడతాండా. ఈపొద్దు ఆ యమ్మి సరిగ్గా ఏసింది."

అత్త నన్ను పైనుంచి కిందికి చూసింది. "సైకిలు రిపేరీ నేర్పించి పంపినారా మే, మీ కిష్ణలో?" మళ్ళీ కొడుకు వైపు తిరిగింది. "అయినా కొయ్యకాళ్ళల్లో యాల పోతివిరా, రోడ్డుండంగా?"

"హోటలు కాడ ముసలోళ్ళుంటారు."

"ఉంటే? తాళి గట్టింది వాళ్ళ ముందరే గదా! దాన్నేమన్నా ఎత్తుకపోతాండావా? రోడ్డున పో."

మరుసటి నెల రోడ్డునే పోయాం. నేను కొంగు నెత్తిమీదికి లాక్కుని తల వంచుకున్నాను. అరుగు మీద నుంచి ఒకాయన కేకేశాడు. "ఏమప్పా, వెనక అంత భద్రంగా ఎవర్ని తీస్కపోతాండావు?"

"మెకానిక్కును మామా!" అన్నాడు మా ఆయన, బెల్లు కొడుతూ.

అమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ ఆదివారం తప్పలేదు. లింకు అరిగిపోయి కొత్తది వేయాల్సి వచ్చినప్పుడల్లా ఆయన రేకులు తగిలించేదాకా తగిలించి, క్లిప్పు మాత్రం నా చేతిలో పెట్టి పక్కకు జరిగేవాడు. అది ఎటు పెట్టాలో ఆయనకు అప్పటికి బాగా తెలుసు.