చెవుల డాక్టరు లేని బుధవారం

ఆ పెద్దాసుపత్రి గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా బాపు ఇరవై ఎనిమిదేళ్ళు భివండిలో సాంచాలు నడిపాడు. పవర్‌లూమ్‌ను మావాళ్ళు సాంచ అంటారు. ఆ మోతకు ఆయన చెవులు పూర్తిగా పోయాయి. సేటు పని మానిపించాడు. వికలాంగుల సర్టిఫికెట్ ఉంటే పింఛను వస్తుందన్నారు. మాకు మిగిలిన దారి అదొక్కటే.

ఆసుపత్రిలో సర్టిఫికెట్లిచ్చే డాక్టర్ల బోర్డు బుధవారమే కూర్చునేది. రెండు బుధవారాలు బస్సు మారి వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చాం. చెవుల డాక్టరు బదిలీ మీద పోయాడట, ఆ కుర్చీలోకి ఇంకెవరినీ వెయ్యలేదట. చెవులు పరీక్షించే మిషను గదికి తాళం వేసి ఉంది. ఆ తాళం తుప్పు కూడా పట్టింది.

మూడో బుధవారం ఎముకల డాక్టరునే చెవులు కూడా చూడమన్నారు. లోపలికి పోయేముందు నేను బాపుకు ఎదురుగా నిలబడి, "సార్ ఏమడిగినా సక్కగ జెప్పు బాపూ, బెదరకు" అన్నాను. అంత చదువుకున్నదాన్ని, నాకు ఆ మాత్రం తట్టలేదు.

సాంచాల షెడ్డులో గొంతు చించుకున్నా మాట వినబడదు. అక్కడ పనిచేసేవాళ్ళంతా ఎదుటివాడి పెదాలు చూసి మాట అందుకుంటారు. బాపు అందులో ఘటికుడు. తెలుగైనా, హిందీ అయినా ఒకటే.

డాక్టరు తలెత్తి, "నామ్ క్యా హై?" అన్నాడు. బాపు పేరు చెప్పాడు.

"కహాఁ రహతే హో?"

"వరాలా తలావ్ కే పాస్, సాబ్."

"బచ్చే కిత్నే?"

"తీన్."

ఇల్లు చెరువు దగ్గరనీ, పిల్లలు ముగ్గురనీ బాపు ఠక్కున చెప్పేసరికి డాక్టరు నావైపు చూసి నవ్వాడు. "ఇతనికి చెవుడా?" అని హిందీలో అడిగాడు.

"నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అడగండి సార్, ఒక్కసారి" అని బతిమాలాను.

"డాక్టరు నువ్వా, నేనా?" అని కసిరి, వినికిడి బాగానే ఉందని రాసి ముద్ర గుద్దాడు. మళ్ళీ చూడాలంటే చెవుల డాక్టరు రావాలన్నాడు. ఎప్పుడొస్తాడంటే, పైవాళ్ళు వేసినప్పుడు అన్నాడు. కాళ్ళూ చేతులూ చూసేవాణ్ణి చెవులకు కూర్చోబెట్టిన ఆ పైవాళ్ళ మొహం మేమెన్నడూ చూడలేదు. చూసి ఉంటే కడిగిపారేసేదాన్ని.

తిరుగు బస్సులో కాశేలి దాటాక బాపు నా భుజం తట్టాడు. బస్సంతా వినబడేలా అడిగాడు.

"అన్నిటికీ సక్కగ జెప్పిన గదా బిడ్డా? ఒక్కటన్న తప్పు వోయిందా?"

పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా వెలిగిపోతున్నాడు. నేను తల కిటికీ వైపు తిప్పుకుని ఆ డాక్టర్నీ, ఆ పైవాళ్ళనీ, సక్కగ జెప్పమన్న నన్నూ కలిపి నోటికొచ్చినట్టు తిట్టాను. ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. బాపు మాత్రం నా జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు.