ఫోటో కింద నేను రాసిన మాట

హుజూరాబాద్‌లో మా చిన్నమ్మ పెళ్లినాడు అందరూ ఫోటోకు నిలబడుతుంటే మా పెద్ద మేనమామ నా భుజం పట్టి అవతలికి నెట్టాడు. "జర పక్కకు జరుగురా, ఫోటో ఖరాబైతది" అన్నాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నా చొక్కాకు గుండీలు లేవు, అదీ కారణం. ఆ ఫోటో ఇప్పటికీ మా చిన్నమ్మ ఇంట్లో ఉంది. దాని అంచున నా మోచేయి మాత్రం పడింది. మామ చనిపోయినప్పుడు కరీంనగర్ నుంచి వెళ్లి పాడె కూడా మోశాను. మోస్తున్నంతసేపూ ఆ మాటే గుర్తుంది.

పాత ఫోటోలు కొనే పిచ్చి నాకు అక్కడినుంచే పట్టుకుందని మా ఆవిడ అంటుంది. నేను ఒప్పుకోను. అయితే ఏ ఫోటో చేతికొచ్చినా నేను ముందు అంచులే చూస్తాను. ఎవరిని మధ్యలో కూర్చోబెట్టారు, ఎవరిని చివరికి తోశారు, ఎవరు ఎవరికి ఎడంగా జరిగారు. వాళ్లు నాకు ముక్కూ మొహం తెలియనివాళ్లు. అయినా వాళ్ల తరఫున కోపం నాకొస్తుంది.

ఒక అక్కాచెల్లెళ్ల ఫోటో సుల్తానాబాద్‌లో పాత సామాన్ల దుకాణంలో దొరికింది. అద్దం పగిలి ఉంది. వెనక తెరమీద గీసిన మెట్లు, పూలకుండీ. పెద్దపిల్లకు పదిహేనేళ్లుంటాయేమో, చిన్నదానికి పది. చిన్నది నోరంతా తెరిచి నవ్వుతోంది. పెద్దది దవడ బిగించి, మెడ నిక్కించి నిలబడింది. మామూలుగా అక్క చెల్లె భుజం మీద చేయి వేస్తుంది. ఈమె వేయలేదు. ఒక చేయి పక్కన వేలాడేసి, రెండోది వెనక దాచుకుంది. చిన్నదాన్ని తాకడం కూడా ఇష్టం లేదన్నమాట అనుకున్నాను. ఆ పెద్దపిల్లలో నాకు మా మామ కనిపించాడు.

కొత్త అద్దం వేయించి ముందుగదిలో తగిలించాను. పెత్రమాసనాడు, అంటే చనిపోయిన పెద్దలకు మొక్కుకునే అమావాస్యనాడు, మా ఆవిడ గోడమీదున్న ఫోటోలన్నింటికీ కుంకుమ బొట్లు పెట్టింది. వాళ్లెవరో మనకు తెలియదు కదా అంటే, "ఎవలో ఒకళ్ల పెద్దలే గదా. మనింట్ల ఉన్నంక పండుగనాడు ఉత్తగ ఉంచుతమా" అంది.

నేనేమో ఆ రాత్రే దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టాను. కింద ఇలా రాశాను: "ఈ అక్క మొహం చూడండి. చెల్లెను పక్కన నిలబెట్టుకుంది గానీ ముట్టుకోవడానికి మనసు రాలేదు. పాపం, ఆ పసిదానికి అదేమీ తెలియక నవ్వుతోంది." చాలామంది మెచ్చుకున్నారు, తమ పేజీల్లో పెట్టుకున్నారు. నాకు సంతోషమైంది. అబద్ధమెందుకు, నేనే నాలుగుసార్లు చదువుకున్నాను.

కొన్నాళ్లకు మంచిర్యాల నుంచి ఒకాయన ఫోన్ చేశాడు.

"గా ఫోటోల పెద్దపిల్ల మా అవ్వ. నీకేం తెలుసని రాసినవ్? తీసెయ్ ముందుగాల. చెత్త ఏరుకునేటోనివి, చెత్త ఏరుకుంట ఉండు, మనుషుల జోలికి రాకు."

మర్యాదగా అడిగితే తీసేసేవాణ్ణేమో. "మీ అమ్మేనని రుజువేంటి?" అని ఫోన్ పెట్టేశాను. అంతటితో ఊరుకోలేదు. ఆ సాయంత్రమే ఆ ఫోటోను నా పేజీలో అన్నింటికన్నా పైన కనబడేట్టు పెట్టాను.

నెల తిరక్కముందే ఒక ముసలామె మా మెట్లెక్కి వచ్చింది. ఫోన్ చేసినాయన తల్లి. కొడుక్కి చెప్పకుండా బస్సెక్కి, ఊళ్లో వాళ్లనూ వీళ్లనూ అడుగుతూ వచ్చింది. మా ఆవిడ ఇచ్చిన నీళ్లు తాగుతూ గోడవైపు చూసి ఆగిపోయింది.

"ఏం బిడ్డా, నన్ను గూడ సంపిన్రా?"

ఫోటోలో ఆమె నొసట కుంకుమ బొట్టు ఎండిపోయి ఉంది. మా ఆవిడ కొంగు పట్టుకుని తుడవడానికి పరుగెత్తింది. ముసలామె నవ్వింది.

"ఉండనీ తియ్. ఎప్పటికైనా పెట్టేదే గదా. మా చెల్లెకు బొట్టు పెడదామంటె మాకాడ ఫోటోనే లేకుండె, ఉన్న ఒక్కటి ఇల్లు మారినప్పుడు పోయింది. నువ్వు పెట్టినవ్, మంచిగయింది."

ఫోటో దించి ఇస్తే ఒళ్లో పెట్టుకుంది. చిన్నదాని మొహం మీద వేలితో నిమిరింది.

"దీనికి ఎడమకాలు లేవది. పోలియో. మా బాపు బొగ్గుబాయి పనికి పోయేటోడు, ఓ ఐతారంనాడు స్టూడియోకు తోల్కపొయ్యిండు. ఫోటో తీసెటాయన దీని ఊతకట్టె కనబడొద్దు, అవుతల పెట్టుమన్నడు. కట్టె లేకుంటె ఇది పడదా? ఎనకనుంచి లంగ బొందుకాడ పిడికిలి బిగవట్టి లేవట్టిన. దాని బరువంత నా ఒక్క చేతిల్నే ఉండె. నవ్వు, నవ్వు అంటడాయన. నేనెట్ల నవ్వాలె?"

వంగి చూశాను. చిన్నపిల్ల లంగా నడుం దగ్గర ఒకవైపు పైకి లాగినట్టు ముడతపడి ఉంది. ఆ ముడతను నేను ఇంతకుముందు చూడకపోలేదు.

అప్పుడు నేను అనాల్సిన మాట వేరే ఉంది. నా నోట వచ్చింది మాత్రం ఇది: "మీ అబ్బాయి నన్ను చెత్త ఏరుకునేవాడన్నాడు."

మా ఆవిడ నావైపు చూసిన చూపు నేను ఇక్కడ రాయలేను.

"అంటడు. వాని నోరే అసొంటిది, నన్ను గూడ అంటడు" అంది ముసలామె. "నేను దానికి రాలే కొడుకా. మా చెల్లె పోయిన్నాడు దాని బిడ్డకు రెండేండ్లు. నేనే సాదిన. గిప్పుడు ఆదిలాబాద్‌ల ఉంటది. నువ్వు రాసింది సదివి, పెద్దమ్మా, మా అవ్వంటె నీకు పడకపోయేదా అని అడిగింది. లేదు బిడ్డా అన్న. ఫోన్ పెట్టేసింది. బతుకమ్మకు వస్తనన్నది, రాలే. నేనెంత చెప్పినా కప్పిపుచ్చుకుంటున్న అనుకుంటది. రాసింది నువ్వు. నువ్వు చెప్పు."

సంచిలోంచి ఫోన్ తీసి, నంబరు కలిపి నా చేతికిచ్చింది. నాకు అన్యాయం చేసినవాళ్లు ఇలా ఎదురుగా నిలబడి తప్పయిందని అంటే వినాలని నేను యాభై ఏళ్లుగా ఎదురుచూస్తున్నాను. ఆ మాట నా నోటికి ఎంత బరువో అప్పుడు తెలిసింది.

"ఆ ఫోటో కింద రాసింది నేనేనమ్మా. తెలియక రాశాను, తప్పయింది" అన్నాను.

ఆదిలాబాద్ బిడ్డ వెంటనే అడిగింది.

"తెల్వకుంటనే అంత మంచిగ ఎట్ల రాసిన్రు సార్? నేను ఏడ్చిన అది సదివి."

పిడికిలి సంగతి, లంగా ముడత సంగతి చెప్పాను. "పెద్దమ్మకు ఇయ్యున్రి" అంది. ముసలామె ఫోన్ చెవికి ఆనించుకుని, అవతలామెకు కనబడుతున్నట్టే, కుడిచేయి వెనక్కి పెట్టి పిడికిలి బిగించింది. నేను లోపలిగదిలోకి వెళ్లిపోయాను.

ఫోటో ఆమెకిచ్చేశాను. పోస్టు అప్పుడే తీసేశాను. ఆదిలాబాద్ బిడ్డ తర్వాత వచ్చిందో రాలేదో, అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

కానీ ఆ ఫోటో నా మాటలతో సహా ఇప్పటికీ తిరుగుతోంది. నా పేరు ఎక్కడో ఊడిపోయింది. మొన్న మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోకే వచ్చింది, కింద మా చిన్నమ్మ కొడుకు "ఎవరు రాశారో గానీ కరెక్టు" అని పెట్టాడు. ఎక్కడ కనబడినా నేను ఊరుకోను. "ఇది తప్పు, ఆ అమ్మాయి చెల్లెను వెనకనుంచి పట్టుకుని ఉంది" అని రాస్తాను. "రుజువేంటి?" అని అడుగుతారు. అది రాసింది నేనేనని ఒక్కచోట కూడా ఇంకా చెప్పలేకపోయాను.