తాగని నీళ్ల కవిత

బస్సు కండక్టరుగా పనిచేసినన్నాళ్లూ ఆవిణ్ణి అందరూ హోల్డానమ్మ అనేవాళ్లు. ఆవిడ గొంతెత్తి "హోల్డాన్" అంటే తమ బస్సే కాదు, వెనకొచ్చే ఆటో కూడా ఆగేదని డిపోలో చెప్పుకునేవాళ్లు. రిటైరయ్యాక ఇంట్లో ఆవిడకి తోచలేదు. ఎక్కేవాళ్లు లేరు, దిగేవాళ్లు లేరు.

"వంటింట్లో గిన్నెల్ని కూడా లోపలికి జరగండంటున్నారు అత్తయ్యా, ఇలాగైతే కష్టం," అని కోడలే తీసుకెళ్లి లైబ్రరీలో శనివారం జరిగే కవితల క్లాసులో చేర్చింది.

దాన్ని నడిపేది ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు. ప్రతిసారీ ఒక అంశం ఇచ్చి దానికో ముడి వేస్తాడు. 'నేను' అనే మాట రాకూడదంటాడు, లేదా అన్నీ ప్రశ్నలే ఉండాలంటాడు. అందరూ కుదురుగా కూర్చుని రాసేవాళ్లు. ఈవిడకి కూర్చుంటే ఒక్క ముక్క రాదు. కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, కిటికీ ఊచ పట్టుకుని ఊగుతుంటేనే మాట పుడుతుంది. మాస్టారు మొదట విసుక్కున్నాడు. తర్వాత ఆ కిటికీ ఆవిడకే వదిలేశాడు.

ఒక శనివారం 'నీళ్లు' అన్నాడు. నది, వాన, సముద్రం, కన్నీళ్లు మాత్రం రాకూడదు. బాగున్నవి లైబ్రరీ వార్షికోత్సవంలో చదివిస్తానన్నాడు. హోల్డానమ్మ ఇలా రాసింది:

*పొద్దున నింపిన సీసా*
*సాయంత్రం నిండుగానే ఇంటికొచ్చేది.*
*దాహం నా పక్కనే*
*టికెట్టు లేకుండా తిరిగేది.*
*ఆ దారి పొడుగునా ఆడదానికి*
*ఒక్క మరుగుదొడ్డి లేదు.*

మాస్టారు రెండుసార్లు చదివాడు. "బాగుందమ్మా. సభలో చదవాల్సిందే. చివరి పాదంలో ఆ మాట ఒక్కటి మార్చండి. పెద్దవాళ్లొస్తారు."

"ఏం పెట్టమంటారు మాస్టారూ?"

"సౌకర్యం లేదు, అనండి. మర్యాదగా ఉంటుంది."

ఆవిడకి ఆ సభలో చదవాలని మహా కోరికగా ఉంది. బతుకంతా జనం మీద అరిచిందే తప్ప, తను మాట్లాడుతుంటే జనం ఊరుకుని వినడం ఎన్నడూ ఎరగదు. అందుకే మాట మార్చేసి, బట్టల షాపులో డ్యూటీ దిగి వచ్చి పాదాలు నొక్కుకుంటున్న కోడలికి చదివి వినిపించింది.

"సౌకర్యం లేదంటే బస్సులో ఫ్యాను లేదేమో అనుకుంటారు," అంది కోడలు.

"అర్థమయ్యేవాళ్లకి అర్థమవుతుందిలేవే."

"అర్థమయ్యేవాళ్లకి మీరు చెప్పేదేముంది? మేమూ షాపులో పొద్దుట్నించీ గొంతు తడుపుకోకుండానే నిలబడుతున్నాం. తెలియనివాళ్లకే కదా మీరు చదివేది."

"నువ్వూనా? ఎప్పుడూ చెప్పలేదే."

"మీరు మాత్రం చెప్పారా, ఇన్నేళ్లలో?"

ఒకే కప్పు కింద ఇద్దరాడవాళ్లు ఒకే దాహాన్ని ఒకరికొకరు చెప్పుకోకుండా మోశారు. దీనికి మనం ఓర్పు అని ముద్దుపేరు పెట్టి మెచ్చుకుంటాం. ఆ మెచ్చుకోలు వల్ల ఖర్చు తప్పేది యజమానులకి, పాడయ్యేది వీళ్ల ఒళ్లు.

మర్నాడే హోల్డానమ్మ మాస్టారింటికి వెళ్లింది. "పాత మాటే ఉంటుంది మాస్టారూ. అది కుదరదంటే నన్నూ దింపేయండి."

"నాకా మాట నచ్చలేదమ్మా."

"నచ్చకూడదనే రాశాను."

ఆయన కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు. "సరే, చదవండి," అన్నాడు.

సభలో ఆవిడ ఆ మాట దగ్గరికొచ్చేసరికి ముందు వరసలో ఎవరో దగ్గారు. వెనక ఒకడు నవ్వబోయి పక్కవాళ్లని చూసి మానుకున్నాడు. ఆవిడ గొంతు తగ్గించలేదు. ఆ గొంతుకి తగ్గడం అలవాటే లేదు. చదివి దిగాక డిపోలో పనిచేసే అమ్మాయిలిద్దరొచ్చి, మేనేజరు తలుపుకి అంటిస్తామని ఆ కవిత అడిగారు. ఒక్క అక్షరం మార్చొద్దని చెప్పి కాగితం చేతికిచ్చింది. రేపే మరుగుదొడ్డి గోడలు లేస్తాయని ఆవిడేం అనుకోలేదు. అయినా మనసు తేలిగ్గా ఉంది.

బయట కుళాయి దగ్గర కోడలు గ్లాసు నింపి అందించింది.

"తాగండత్తయ్యా. ఇక్కడ మరుగుదొడ్డి ఉంది," అంది, ముందు వరస వాళ్లకి కూడా వినపడేలా.

హోల్డానమ్మ గటగటా తాగేసి, గ్లాసు మళ్లీ చాపింది.